ఏడుగురి రగ్బీ – పది పట్టణముల పోటీ



చెడుగుడు ఎరుగని బాలుడు మనలో లేడు. కబడ్డీ యను పేర నియమములు ఏర్పరచుకొని దేశదేశములకు వ్యాపించిన ఆ ఆటలో ఒక్కొక్క జట్టున బరిలో నిలుచువారు ఏడుగురు. ఏడుగురే ఆడు ఆట మరియొకటి కలదు. దాని పేరు రగ్బీ సెవెన్స్. మనము దానిని ఏడుగురి రగ్బీ యని పిలుచుకొందము. ఈ పాఠమున ఆ ఆట పుట్టుకను, ఆడు తీరును, 2015-16 సంవత్సరపు అంతర్జాతీయ పోటీల చరిత్రను, ఆ పోటీల వెనుకనున్న ఒక చక్కని లెక్కను తెలిసికొందము. ఆ చరిత్రలో ప్రధానపాత్ర వహించిన చిన్న దేశమునకును తెలుగువారికిని ఒక పాత సంబంధము కలదు. దానిని కడపట చెప్పెదను.

ఆట పుట్టుక

రగ్బీ యనునది ఇంగ్లండులోని ఒక పట్టణము పేరు. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చటి పాఠశాలలో రూపుదిద్దుకొనిన ఆటకు ఆ ఊరి పేరే నిలిచినది. ఆ ఆటలో జట్టునకు పదునైదుగురు. కోడిగ్రుడ్డు ఆకారము గల బంతిని చేత పట్టుకొని పరుగెత్తి, ఎదుటివారి గీత దాటి నేలకు తాకించుట ఆటలోని ముఖ్యకార్యము.

ఏడుగురి రగ్బీ మాత్రము స్కాట్లండు దేశమున మెల్రోజ్ అను చిన్న పట్టణమున పుట్టినది. ఆ ఊరి ఆటల సంఘమునకు డబ్బు చాలకుండెను. ప్రవేశ రుసుము పెట్టి పోటీలు జరిపిన కొంత సొమ్ము చేరునని తలంచిరి. కాని పదునైదుగురి జట్లతో ఒక్క మధ్యాహ్నమున పెక్కు ఆటలు సాగవు. అప్పుడు నెడ్ హేగ్ అను ఆటగాడు జట్టునకు ఏడుగురినే ఉంచి, కాలమును తగ్గించి ఆడింపవచ్చునని సూచించెను. అతడు వృత్తిచేత మాంసము విక్రయించువాడు. 1883 ఏప్రిల్ 28వ తేదీన ఆ పోటీ జరిగెను. తుది ఆటలో మెల్రోజ్ జట్టు పొరుగూరి గాలా జట్టును ఓడించెను. లేమిచేత తోచిన ఉపాయమొకటి నూరేండ్లు గడచునప్పటికి ప్రపంచపు ఆటయై నిలిచినది.

ఆడు తీరు

పదునైదుగురు ఆడు మైదానమునందే ఏడుగురును ఆడవలెను. మైదానము నిడివి 100 మీటర్లు, వెడల్పు 70 మీటర్లు అనుకొనుడు. వైశాల్యము 7,000 చదరపు మీటర్లు. పదునైదుగురికి పంచిన ఒక్కొక్కనికి సుమారు 467 చదరపు మీటర్లు వచ్చును. ఏడుగురికి పంచిన 1,000 చదరపు మీటర్లు వచ్చును. అనగా ఇచ్చట ఒక్కొక్క ఆటగాడు రెండింతలకు మించిన నేలను కాపాడవలెను. ఒకడు తప్పిన, ఆ చోటు నింపుటకు మరియొకడు దాపున ఉండడు.

ఆట రెండు భాగములు. ఒక్కొక్క భాగము ఏడు నిమిషములు, నడుమ రెండు నిమిషముల విరామము. బంతిని చేతితో ముందునకు విసరరాదు. ప్రక్కకో వెనుకకో మాత్రమే అందింపవలెను. ముందునకు పోవలెనన్న పట్టుకొని పరుగెత్తవలెను, లేదా కాలితో తన్నవలెను. కావున బంతి పట్టినవాడు ముందు పోవును. తోటివారు వెనుక వచ్చుచు అందుకొనుటకు సిద్ధముగా ఉందురు.

గీత దాటి బంతిని నేలకు తాకించుటను ట్రై యందురు. దానికి 5 పాయింట్లు. పిదప బంతిని నిలువుకంబముల నడుమ అడ్డకొయ్య మీదుగా తన్నినచో మరి 2 పాయింట్లు. దీనిని కన్వర్షన్ అందురు. పెనాల్టీ తన్నునకు 3, ఆట నడుమ బంతిని నేలపై వదలి తన్ను డ్రాప్ గోలుకు 3.

తప్పు చేసినవానికి మధ్యవర్తి పసుపు చీటీ చూపిన, వాడు రెండు నిమిషములు వెలుపల కూర్చుండవలెను. పదునాలుగు నిమిషముల ఆటలో రెండు నిమిషములనగా ఏడవ వంతు. ఆ కాలమంతయు ఏడుగురి పనిని ఆరుగురు మోయవలెను. ఒక్కని తప్పునకు శిక్ష ఆరుగురికిని తగులునన్న మాట.

2015-16 పోటీలు

1976లో హాంకాంగు నగరమున అంతర్జాతీయ జట్లతో ఏడుగురి రగ్బీ పోటీలు ఆరంభమయ్యెను. అవి క్రమముగా ప్రసిద్ధి కెక్కెను. పిదప 1999-2000 సంవత్సరమున, వేర్వేరు పట్టణములలో జరుగు పోటీలన్నిటి పాయింట్లను కూడి ఏడాదికొక విజేతను నిర్ణయించు ప్రపంచ పరంపర ఏర్పడెను. మొదటి ఆరు సంవత్సరములును న్యూజిలాండే గెలిచెను. 2005-06లో ఆ వరుసను త్రెంచినది ఫిజీ.

2015-16లో పది పట్టణములందు పోటీలు జరిగెను. ఒక్కొక్క చోట పదునారు జట్లు పాల్గొనెను. 2015 డిసెంబరున దుబాయిలో ఫిజీ గెలిచెను. అదే నెల కేప్ టౌనులో దక్షిణాఫ్రికా తన గడ్డపై గెలిచెను. 2016 జనవరిలో వెల్లింగ్టనులోను, ఫిబ్రవరిలో సిడ్నీలోను న్యూజిలాండు విజయము పొందెను.

ఇంతలో ఫిబ్రవరి 20వ తేదీన ఫిజీ దీవులపై విన్‌స్టన్ అను ఘోరమైన తుపాను విరుచుకొనిపడెను. నలువదినలుగురు మరణించిరి. వేలకొలది ఇండ్లు కూలెను. తుపాను బాధ యెట్టిదో కోస్తా తీరమున బంధువులున్న మనకు వేరుగా చెప్ప నక్కరలేదు. రెండు వారములు గడచిన పిమ్మట, మార్చిలో, లాస్ వేగాస్ పట్టణమున ఫిజీ జట్టు తుది ఆటలో ఆస్ట్రేలియాకు మొదట 15 పాయింట్లు వెనుకబడి, పిదప 21-15తో గెలిచెను.

ఆ నెలలోనే వాంకూవరులో న్యూజిలాండు, ఏప్రిల్‌లో హాంకాంగులో ఫిజీ గెలిచెను. తరువాతి వారము సింగపూరున ఒక వింత జరిగెను. అంతవరకు పరంపరలో ఒక్క పోటీయు గెలువని కెన్యా, తుది ఆటలో ఫిజీని 30-7తో ఓడించెను. మే నెలలో పారిస్ నందు సమోవా 29-26తో ఫిజీని ఓడించెను. కడపటి పోటీ లండనులో. అచ్చట స్కాట్లండు కడపటి క్షణములలో 27-26తో దక్షిణాఫ్రికాను మించెను. ఈ ఆట పుట్టిన దేశము పరంపరలో ఒక పోటీని గెలుచుట అదే ప్రథమము. మెల్రోజ్ నాటి నుండి లెక్కింపగా నూటముప్పదిమూడు ఏండ్లు గడచినవి.

పాయింట్ల లెక్క

పదింటిలో ఫిజీ మూడు గెలిచెను. న్యూజిలాండును మూడే గెలిచెను. దక్షిణాఫ్రికా ఒక్కటియే గెలిచెను. మరి ఏడాది విజేత యెవరు? రెండవ స్థానము ఎవరిది? చటుక్కున చెప్పినచో తప్పుదురు.

ఒక్కొక్క పోటీలో మొదటి జట్టునకు 22, రెండవదానికి 19, మూడవదానికి 17, నాలుగవదానికి 15 పాయింట్లు ఇచ్చిరి. ఆ క్రమమున తగ్గుచు కడపటివారికిని ఒక పాయింటు దక్కెను. పది పోటీలు ముగియగా ఫిజీకి 181, దక్షిణాఫ్రికాకు 171, న్యూజిలాండుకు 158 వచ్చెను. మూడు పోటీలు గెలిచిన న్యూజిలాండును, ఒక్కటి గెలిచిన దక్షిణాఫ్రికా 13 పాయింట్లతో మించెను!

ఇది యెట్లు జరిగెను? న్యూజిలాండు మూడు విజయములకు 66, హాంకాంగులో ద్వితీయ స్థానమునకు 19, వెరసి 85. తక్కిన ఆరు పోటీలలో దానికి వచ్చినవి 73, సగటున పన్నెండు. దక్షిణాఫ్రికాకు ఒక విజయమునకు 22, వెల్లింగ్టను, వాంకూవరు, లండనులలో ద్వితీయ స్థానములకు 57, వెరసి 79. తక్కిన ఆరింటిలో 92, సగటున పదునైదుకు పైన. ఫిజీ లెక్కయు ఇట్టిదే. మూడు విజయములు, రెండు ద్వితీయ స్థానములు తీసివేయగా మిగిలిన ఐదు పోటీలలో దానికి 77 పాయింట్లు వచ్చెను. గెలువని దినములందు కూడ ఫిజీయు దక్షిణాఫ్రికాయు మిక్కిలి క్రిందికి జారలేదు. ఏడాది ఫలితమును నిర్ణయించినవి ఆ గెలువని దినములే.

ఈ పద్ధతి పిదప మారినది. 2023-24లో సాధారణ పోటీల పాయింట్లలో అర్జెంటీనా ప్రథమముగా నిలువగా, మాడ్రిడ్ నగరమున జరిగిన మహా తుదిపోటీలో ఫ్రాన్సు గెలిచి విజేత యనిపించుకొనెను. ఏడాది పొడుగున నిలకడగా ఆడినవారు గొప్పవారా, కడపటి దినమున మిన్నగా ఆడినవారు గొప్పవారా? ఇది మీరు వాదోపవాదములకు ఎన్నుకొనదగిన విషయము.

ఒలింపిక్ పతకము

రగ్బీ 1924 తరువాత ఒలింపిక్ క్రీడలలో లేకపోయెను. 2016లో రియో డి జనీరో నగరమున, ఏడుగురి ఆటగా, అది తిరిగి ప్రవేశించెను. ఆగస్టు 11వ తేదీన పురుషుల తుది ఆటలో ఫిజీ 43-7తో గ్రేట్ బ్రిటనును ఓడించెను. ఫిజీ దేశమునకు వచ్చిన ఒలింపిక్ పతకములలో అదే మొదటిది, అదియు స్వర్ణము. ఓడినది, 1970 వరకు ఫిజీని ఏలిన దేశము. శిక్షకుడు బెన్ ర్యాన్ ఇంగ్లండువాడు, జట్టు నాయకుడు ఒసేయా కోలినిసౌ ఫిజీవాడు. 2017లో ఫిజీ రిజర్వు బ్యాంకు ఆ విజయమునకు గుర్తుగా ఏడు డాలర్ల నోటు అచ్చువేసెను.

టోక్యోలో 2021లో జరిగిన క్రీడలలో ఫిజీ మరల స్వర్ణము గెలిచెను. 2024లో పారిస్ నందు ఫ్రాన్సు చేత ఓడి రజతము పొందెను. బాలికలు కూడ గమనింపుడు: స్త్రీల పోటీలును 2016 నుండియే ఒలింపిక్కులలో కలవు. మొదట ఆస్ట్రేలియా, పిదప రెండు మారులు న్యూజిలాండు స్వర్ణము గెలిచినవి. ఫిజీ స్త్రీలు టోక్యోలో కాంస్యము గెలిచిరి.

ఫిజీయు తెలుగువారును

ఫిజీ జనసంఖ్య సుమారు తొమ్మిది లక్షలు. మన జిల్లా ఒక్కదాని జనసంఖ్యయే దానికన్న ఎక్కువగా ఉండవచ్చును. 1879 మొదలు 1916 వరకు అరువది వేలకు పైగా భారతీయులు చెరకు తోటల కూలికై అచ్చటికి పోయిరి. 1903 నుండి చెన్నపట్టణపు రేవు నుండియు ఓడలు బయలుదేరెను. ఉత్తర ఆర్కాటు, విశాఖపట్టణము, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువారు ఆ ఓడలలో నుండిరి. ఒప్పందము ఐదేండ్లది. అగ్రిమెంటు అను మాట వారి నోట గిర్మిట్ అయ్యెను. 1926లో దక్షిణాది వారు కలిసి ఒక సంగమును, 1941లో తెలుగువారు వేరుగా ఆంధ్ర సంగమును స్థాపించుకొనిరి.

ఫిజీలో రగ్బీ ప్రధానముగా మూలవాసులైన ఇతౌకేయుల ఆట. భారత సంతతివారికి కాలిబంతిపై మక్కువ యెక్కువ. కావున ఆ పతకమున మన వాటా యని చెప్పుకొనుట సరికాదు. మనము తెలిసికొనవలసినది వేరొకటి. ఆ ఓడలలో పోయినవారి మునిమనుమల ఇండ్లలో నేడు మిక్కిలిగా వినవచ్చునది ఫిజీ హిందీ. తెలుగు పండుగలలోను, ఇంటిపేర్లలోను, పెద్దల జ్ఞాపకములలోను మిగిలినది. ఒక భాష ఇంటి నుండి తొలగుటకు ఎవరి ద్వేషమును అక్కరలేదు. ఒక తరమువారు పిల్లలతో దానిని మాటాడక మానిన చాలును.

మన తెలుగు తరగతులలోను పిల్లలు కొద్దిమందియే. కొద్దిమంది యైనంత మాత్రమున మైదానము చిన్నది కాలేదు. అదే పద్యభాగము, అదే వ్యాకరణము, అదే పరీక్ష. నలువదిమంది నడుమ వెనుక బల్లపై దాగవచ్చును. ఏడుగురి తరగతిలో ప్రతి ప్రశ్నయు ప్రతివాని వద్దకు వచ్చును. ఇది బరువని కొందరందురు. ఏడుగురి రగ్బీ ఆడువారు దీనినే అభ్యాసమందురు.

తల్లిదండ్రులకు ఒక మనవి. రాష్ట్రభాషయు ఆంగ్లమును మీ పిల్లలకు రావలసినదే, అందు సందేహము లేదు. వానిని నేర్చుటకు తెలుగును విడువ నక్కరలేదు. ఒక్క బాలుడు తెలుగు తరగతి విడిచిన, ఆ వెలితిని తక్కినవారు మోయుదురు. మరి ఇద్దరు విడిచిన, ఆ తరగతియే నిలువదు. ఏడాదికొక ఉత్సవము నాడు తెలుగును పొగడుట కన్న, దినమునకొక గడియ ఇంట తెలుగున చదివించుట మేలు. పాయింట్ల లెక్క మనకు చెప్పునదియు ఇదియే.

అభ్యాసము

1. ఒక జట్టు ఒక్క పోటీయు గెలువక, పదింటను మూడవ స్థానమే పొందినదనుకొనుడు. ఇతర జట్ల పాయింట్లు మారవనుకొన్నచో, 2015-16లో దాని స్థానమెంత?

2. రియోలో ఫిజీ 43 పాయింట్లు ట్రైలవలనను కన్వర్షనులవలనను మాత్రమే పొందినదనుకొనుడు. ట్రైలెన్ని, కన్వర్షనులెన్ని? (ట్రైల కన్న కన్వర్షనులు ఎక్కువ కాజాలవు.)

3. చెడుగుడునకును ఏడుగురి రగ్బీకిని గల పోలికలు రెండు, భేదములు రెండు వ్రాయుడు.

4. మీ కుటుంబమువారు ఏ ఊరి నుండి, ఏ పనికై, ఏ కాలమున ఈ ప్రాంతమునకు వచ్చిరో ఇంటి పెద్దలను తెలుగున అడిగి, పది వాక్యములలో వ్రాసి తెండు.