తీరాన నిలిచిన ఓడలు

అంటువ్యాధి సోకిన ఓడలను, ప్రయాణికులను ఊరికి దూరంగా నిలిపి ఉంచే పద్ధతి ఐరోపాలో రూపుదిద్దుకొన్నది. ఆడ్రియాటిక్ తీరంలోని రగూసా నగరం 1377లో ప్లేగు ప్రాంతాలనుండి వచ్చినవారు ముప్పై దినాలపాటు వెలుపలే ఉండాలని శాసించింది. అనంతరం ఆ గడువు నలభై దినాలయింది. వెనిస్ వాడుకలో నలభైకి గల పేరునుండే ‘క్వారంటైన్’ అనే మాట పుట్టింది. ఈ కట్టడి విలువను, దాని వెనుకనున్న పక్షపాతాన్ని కూడా పసిఫిక్ మహాసముద్రంలోని ఫీజీ దీవుల చరిత్రలో చూడవచ్చు.

ఫీజీ 1874 అక్టోబరులో బ్రిటిష్ వలస రాజ్యమైంది. ఆ దీవుల అధినేత థాకోంబావ్ కుమారులతో సిడ్నీ సందర్శించి, 1875 జనవరిలో ‘డైడో’ అనే యుద్ధనౌకలో తిరిగి వచ్చాడు. ఆ బృందంలో తట్టు సోకినవారున్నారు. అయినా ఓడను ఎవరూ నిలపలేదు. రాజుగారి రాకకు అడ్డుచెప్పేదెవరు? ఆయనను చూడవచ్చిన నాయకులు ఆ వ్యాధిని తమ తమ పల్లెలకు మోసుకొనిపోయారు. అంతకుముందు ఆ రోగమే ఎరుగని ప్రజలకు దానిని ఎదిరించే శక్తి లేదు. కొద్ది నెలలలోనే దాదాపు 40 వేలమంది మరణించారు. వారికి సేవచేసేవారు, పంట చూసుకొనేవారు కూడా మంచం పట్టడంతో ఆకలి సైతం ప్రాణాలు తీసింది.

1879 మే నెలలో కలకత్తానుండి ఒప్పంద కూలీలతో ‘లియోనిడాస్’ ఓడ లెవుకా రేవు చేరింది. దారిలోనే కలరా, మసూచి పుట్టి కొందరు కన్నుమూశారు. ఈసారి ప్రభుత్వం వెనుకాడలేదు. ఓడను దూరంగా నిలిపి, కూలీలను యనుకా లైలై అనే చిన్న దీవిలో దించి కాపలా పెట్టింది. వ్యాధి ఆ దీవి దాటలేదు. రాజు ఓడకు లేని కాపలా కూలీల ఓడకు దొరికింది. ఫీజీవాసులను కాపాడిన ఆ కట్టడి భారాన్ని మోసినవారు ఇల్లూ ఊరూ విడిచివచ్చిన నిరుపేదలు.

అటుపిమ్మట సువా సమీపంలోని నుకులావ్ దీవి కూలీల డిపో అయింది. 1903నుండి మద్రాసు ఓడలలో వెళ్ళిన తెలుగువారు కూడా అక్కడ దిగి, వైద్యపరీక్ష ముగిసిన పిదపే చెరకుతోటలకు తరలిపోయారు.

1918 నవంబరులో ఇన్‌ఫ్లుయెంజా సోకిన ‘తలూన్’ ఓడ సువాకు వచ్చింది. ప్రయాణికులను కట్టడి చేశారు గాని, సరుకు పనికోసం స్థానిక కూలీలను ఓడ ఎక్కించారు. ఆ వ్యాధికి ఫీజీలో వేలాదిమంది బలియయ్యారు. అదే కాలంలో అమెరికా అధీనంలోని తూర్పు సమోవా తన రేవులను మూసివేసింది. అక్కడ ఒక్కరూ మరణించలేదు.