రౌటరు పని చేయనపుడు

పంచాయతీ కార్యాలయమునందో సభ్యుని యింటనో రౌటరు ఒకనాడు ఇంటర్నెట్టు నందింపక మానివేయును. ఫోనులో వైఫై గుర్తు మాత్రము నిండుగా కనబడుచుండును. ఇందు వింత లేదు. ఆ గుర్తు ఫోనునకును రౌటరునకును గల సంబంధమునే తెలుపును. వెలుపలి దారి సంగతి తెలుపదు.

కావున ముందుగా ఫైబరు తీగ వచ్చి చేరు పెట్టెను చూడుడు. కొన్నియిండ్లలో అదియే రౌటరు కూడ. దానిపై 'ఎల్.ఓ.ఎస్.' అను దీపము ఆరియుండి, 'పి.ఓ.ఎన్.' దీపము ఆకుపచ్చగా, నిలుకడగా వెలుగుచున్నచో తీగ బాగున్నట్లే. అపుడు విద్యుత్తు ఆపి, అరనిమిషము తాళి, మరల వెలిగింపవలెను. పెక్కుమార్లు ఇంతతో సరిపోవును. లేనిచో చందా గడువు తీరినదేమో విచారింపుడు.

ఎల్.ఓ.ఎస్. ఎర్రగా మెరయుచున్నచో తీగ వెంట కాంతి వచ్చుట లేదన్నమాట. ఎన్నిమార్లు ఆపి వెలిగించినను ఫలము లేదు. ఇంటిలో తీగ మడతపడలేదని చూచుకొని ఆపరేటరునకు కబురంపవలెను. తీగ ఊడదీసి దాని కొనలోనికి చూడరాదు. అందలి లేజరు కాంతి కంటికి కనబడదు గాని, హాని చేయగలదు.

సన్నని రంధ్రములోని 'రీసెట్' మీటను పుల్లతో గ్రుచ్చవలదని మేము గట్టిగా చెప్పుచున్నాము. లోపల వ్రాసియుంచిన కనెక్షను పేరు, సంకేతపదము తుడిచిపెట్టుకొనిపోవును. పది నిమిషముల చిక్కు రెండు దినముల చిక్కగును.

2020లో ఇ-గ్రామస్వరాజ్ వచ్చినది మొదలు పంచాయతీ లెక్కలు ఈ తీగలనే నమ్ముకొన్నవి. మురుగుకాలువ త్రవ్వించుటకు ముందు ఫైబరు ఏ ప్రక్కగా పోవుచున్నదో ఆపరేటరు నడిగి, సున్నముతో గుర్తు పెట్టింపుడు.