చాటుదెబ్బ లెక్క

‘బాల్డర్స్ గేట్ 3’ అను వీడియో ఆటను బెల్జియము దేశపు లారియన్ స్టూడియోస్ వారు 2023లో వెలువరించిరి. ఇందు యుద్ధము చదరంగమువలె వంతులవారీగా నడచును. ఆట పెద్దలదే, 18 ఏండ్లు నిండనివారికి కొనిపెట్టవలదని తల్లిదండ్రులను కోరుచున్నాము. అందలి లెక్క మాత్రము మన తరగతిది.

ఇరువది ముఖముల పాచికపై 11గాని అంతకు మించిగాని పడినచో దెబ్బ తగులుననుకొందము. అవకాశము సగము. చాటుననుండి కొట్టువాడు రెండు పాచికలు వేసి పెద్ద సంఖ్యను గైకొనును. సగమును సగమును కూడి, ఇక దెబ్బ తప్పదని కొందఱు విద్యార్థులందురు. అట్లు కూడరాదు. రెండును తప్పు అవకాశము సగములో సగము, అనగా పాతిక. కావున తగులు అవకాశము ముప్పాతిక.

మఱి పోరు నడుమ దాగుట లాభమా? తొలి స్థాయి యోధుడు దాగుటకే ఒక వంతు వెచ్చింపవలెను. రెండు వంతులకు వానికి దక్కునది సగటున ముప్పాతిక దెబ్బ. దాగక రెండుమార్లు కొట్టినచో ఒక దెబ్బ. చూడ ముచ్చటయే గాని నష్టము! పోరునకు ముందే పొంచియున్నచో వంతు ఖర్చు కాదు. ‘రోగ్’ అను తస్కరవీరుడు మాత్రము రెండవ స్థాయి నుండి దాగుటయు కొట్టుటయు ఒకే వంతులో నెఱవేర్చుకొనగలడు.

11కు బదులు 20యే పడవలసియున్నచో చాటు ఎంత మేలు చేయునో విద్యార్థులు లెక్కించి చూడుడు.