చలి పోతూ పోతూ మన పుట్టి ముంచకుండా

చెల్లీ, భద్రాచలం అనగానే బయటి ఊళ్ళవాళ్ళకు గుర్తొచ్చేవి రెండే. ఒకటి సీతారాముల కల్యాణం, రెండోది గోదారి వరద. 1986లో 75.6 అడుగులు, 2022 జులై 16న 71.3 అడుగులు. ఆ అంకెలు మన దగ్గర చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చు. వరదొస్తే కెమెరాలొస్తాయి, మంత్రులొస్తారు, పునరావాస కేంద్రాలు తెరుస్తారు. ఈ వారం నేను మాట్లాడదామనుకున్న కష్టానికి అవేవీ రావు. అది ఏటా వస్తుంది, చప్పుడు చేయకుండా వస్తుంది, ఎక్కువగా మన ఆడవాళ్ళ చేతి సొమ్మునే పట్టుకుపోతుంది. సంక్రాంతి వెళ్ళింది మొదలు హోళీ దాకా, చలి వెనకబట్టే రోజుల సంగతి చెబుతున్నా.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలంటారు. ఖమ్మం టౌన్లో పోతుంది, మధిరలో పోతుంది. ఇల్లెందు దాటి గుండాల వైపో, గోదారి దాటి దుమ్ముగూడెం, చర్ల వైపో వెళ్ళి చూడు. మాఘం అయిపోవస్తున్నా తెల్లారగట్ల దుప్పటి వదలబుద్ధి కాదు. మధ్యాహ్నానికి చూస్తే చెప్పుల్లేకుండా ఇసుకలో నడవలేం. మబ్బు లేని ఆకాశం కదా, పగలు పట్టిన వేడినంతా నేల రాత్రికి వదిలేస్తుంది. అడవిలో చెట్లు ఆకు రాల్చి ఉంటాయి. దానికి గోదారి తేమ తోడై పొద్దెక్కేదాకా మంచు విడవదు. ఒకే రోజులో రెండు కాలాలు. మనకు చలేస్తే రగ్గు కప్పుకుంటాం, ఉక్కపోస్తే తీసేస్తాం. కోడి ఏం చేస్తుంది? నిన్న రాత్రి ఈనిన మేక ఏం చేస్తుంది?

కోళ్ళతోనే మొదలుపెడతాను, ఎందుకంటే కోడి మన సొమ్ము. పట్టా పాసుపుస్తకం చాలా ఇళ్ళలో ఆయన పేరున ఉంటుంది, ఎడ్లూ ఆయనవే. కోళ్ళు, నాలుగు మేకలు మాత్రం మనవి. పిల్లదాని హాస్టల్ ఖర్చులకైనా, ఇంటికి చుట్టమొచ్చినా, దేవతకు మొక్కున్నా మన చెయ్యి వెళ్ళేది కోళ్ళ గంప దగ్గరికే. మాఘంలో ఒక పొద్దున గంప ఎత్తుతాం, పెట్ట బయటికి రాదు. ముక్కు తెరుచుకుని గురగుర ఊపిరి తీస్తుంటుంది. రెక్కలు నేలకు వేలాడతాయి, రెట్ట ఆకుపచ్చగా నీళ్ళలా పడుతుంది. ఒకటి రెండు రోజుల్లో మెడ మెలితిరుగుతుంది. అదే కొక్కెర తెగులు. మా చిన్నమ్మ వాళ్ళ గూడెంలో ఒక ఏడాది వారం తిరక్కుండా కూసే పుంజు మిగల్లేదు. కోళ్ళు పోయిన ఇంట్లో ఆ ఎండాకాలమంతా చేతిలో చిల్లర ఆడదు. ఆ సంగతి ఆ ఇంటి ఇల్లాలికి తప్ప ఎవరికీ తెలియదు.

చలి వల్లే ఈ తెగులు వస్తుందనుకుంటారు చాలామంది. తెగులు తెచ్చేది వైరస్సే. రాత్రి చలికి, పగటి ఎండకి కోడి నీరసపడి ఉంటుంది, సంతలో కొన్న కొత్త కోడి ఆ వైరస్‌ను గంపలోకి మోసుకొస్తుంది. వచ్చాక మందు లేదమ్మా, రాకముందు టీకా ఉంది. పిల్లకు వారం లోపే లసోటా చుక్క కంట్లో గాని ముక్కులో గాని వేయాలి, మూడు నాలుగు వారాలకు మళ్ళీ వేయాలి, ఎనిమిది వారాలకు సూది. టీకా సీసాను ఐసు ముక్కల్లో పెట్టి తేవాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. ఎండలో సంచీలో వేసుకుని గూడేలన్నీ తిప్పిన మందు నీళ్ళతో సమానం. ఒక్క ఇంటివాళ్ళు వేయించి పక్కింటివాళ్ళు మానేసినా ఊరికి గుణం ఉండదు. కాబట్టి ఇది మన పొదుపు సంఘం మీటింగులో తేల్చుకోవాల్సిన పని. మీ ఊళ్ళో టీకాలు వేసే పశుమిత్ర ఉంటే ఆమెను కూర్చోబెట్టి తేదీ ఖాయం చేయండి. సంతలో కొన్న కోడిని పది పదిహేను రోజులు విడిగా ఉంచండి. చచ్చిన కోడిని వాగులో పారెయ్యకండి, సున్నం వేసి లోతుగా పూడ్చండి. రోగం తగిలిందని తెలిసి ఆదరాబాదరాగా సంతకు పట్టుకుపోవడం మాత్రం పాపం, మన తెగులును ఇంకో అక్క ఇంటికి మోసుకెళ్ళి ఇచ్చినట్టే.

2025 ఫిబ్రవరి గుర్తుందా? మనకు దగ్గర్లోని ఆంధ్ర గోదావరి జిల్లాల్లో, తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ తేలింది. హెచ్5ఎన్1 అన్నారు. సరిహద్దులో చెక్‌పోస్టులు పెట్టి కోళ్ళ లారీలను వెనక్కి పంపారు. అదీ చలి వెనకబట్టే రోజుల్లోనే వచ్చింది. ఆ వైరస్ చల్లదనంలో ఎక్కువ రోజులు బతుకుతుంది. గుట్టలుగా కోళ్ళు చస్తే అది కొక్కెరో, ఫ్లూనో మనం తేల్చలేం. చేత్తో ముట్టకుండా పశువుల డాక్టరుకు కబురు పెట్టాలి.

మేకల విషయానికొస్తే, ఈ రోజుల్లో ఈనిన మేక పిల్లలు ఎక్కువగా న్యుమోనియాతో పోతాయి. పుట్టిన గంటలోపు జున్నుపాలు కడుపులో పడాలి. కింద వరిగడ్డి మందంగా పరిచి, గాలి కొట్టే వైపు గోనె పట్టాలు కట్టాలి. పొగ పెడితే వెచ్చగా ఉంటుందని కొందరు దొడ్లో పిడకలు రాజేస్తారు, ఆ పొగకే పిల్ల ఊపిరితిత్తులు చెడతాయి. పారుడు రోగానికి ఒక్క టీకా వేయిస్తే మూడేళ్ళ దాకా బెంగ ఉండదు. గాలికుంటుకు ఆర్నెల్లకోసారి టీకాలు వేస్తారు, మందను అడవికి తోలకుండా ఆ ఒక్క పూటా దొడ్లో ఆపితే చాలు. మన దగ్గర ఇంకో చిక్కుంది. వాగుకు ఇటు తెలంగాణ, అటు ఆంధ్ర, ఇంకాస్త ముందుకు పోతే ఛత్తీస్‌గఢ్. 2014లో మండలాలు విడిపోయాక ఒకే గూడెం చుట్టాలు రెండు రాష్ట్రాలవాళ్ళయ్యారు, మేతకు పోయే మందలు మాత్రం కలిసే తిరుగుతాయి. మనవైపు టీకా వేస్తున్నప్పుడు అవతలి చుట్టాలకు ఒక ఫోను చేసి చెప్పండి.

ఆవులు, గేదెలున్నవాళ్ళకు ఒక మాట. జొన్న కోసేశాక మోళ్ళ నుంచి పచ్చగా పిలకలొస్తాయి. అడవిలో మేత ఎండిపోయిన రోజులు కదా, పశువు ఆశగా పడి మేస్తుంది. నీళ్ళు లేక వాడిపోయిన ఆ లేత పిలకల్లో నాము అనే విషం ఉంటుంది. నాము తగిలిందంటే పశువు నిలబడ్డచోటే కూలబడుతుంది, డాక్టరు వచ్చేదాకా ఆగదు. జొన్న మోళ్ళలోకి పశువును తోలకండి, పక్క చేలో దున్నకుండా వదిలేస్తే ఆ రైతుతో మాట్లాడి దున్నించండి.

ఇక మిరప. ఖమ్మం మార్కెట్ యార్డులో తేజా రకం కాయ ఎర్రగా పరుచుకునే రోజులివే. ఆ ఎరుపు వెనక ఎవరి వేళ్ళు ఉన్నాయో మనకు తెలుసు. ఛత్తీస్‌గఢ్ నుంచి కుటుంబాలు కుటుంబాలు వచ్చి కాయ ఏరతాయి, చంటిబిడ్డలను కల్లం పక్కనే పట్టా కింద పడుకోబెట్టుకుంటాయి. అదే మంచు ఆ బిడ్డల మీద కూడా కురుస్తుంది. తోటలున్న అక్కలకు చేతులెత్తి చెబుతున్నా, కూలీ లెక్కతోపాటు నాలుగు దుప్పట్లు, ఒక గట్టి టార్పాలిన్ కూడా మీ పెట్టుబడిలో రాసుకోండి.

కల్లంలో కాయ ఎండబెట్టడం చూడ్డానికి తేలిగ్గా కనిపిస్తుంది. పొద్దు వాలకముందే, కాయలో వేడి ఉండగానే కుప్ప చేసి కప్పెయ్యాలి. పొద్దున మంచు విడిచి, పట్టా మీది తడి ఆరేదాకా విప్పకూడదు. తొందరపడి విప్పితే తడి తగిలి తెల్ల మచ్చ పడుతుంది, తాలు కింద తీసేస్తారు. తాలు కాయకు యార్డులో మంచి కాయ ధర రాదు. పైగా బూజు పట్టిన కాయలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఎగుమతి చేసేవాళ్ళు దానికి పరీక్ష చేసి మరీ కొంటారు, మన పిల్లలకు మాత్రం ఆ పరీక్ష లేకుండానే పచ్చడై చేరుతుంది. రంగు పోయిన కాయను ఇంటికి వాడకండి.

2021లో నల్ల తామర పురుగు వచ్చి తోటలను ఏం చేసిందో నేను చెప్పక్కర్లేదు. పువ్వులో దూరి కూర్చుంటుంది, పైన కొట్టిన మందు దానికి తగలదు. పూతంతా రాలిపోయింది, అప్పులు మిగిలాయి. మహబూబాబాద్, ఖమ్మం వైపు కొందరు అక్కలకు ఇంటాయనే మిగల్లేదు. పగటి పొడి ఎండల ఈ రోజులు ఆ పురుగుకు కలిసొచ్చే కాలం. భయానికి నాలుగు మందులు ఒకే డబ్బాలో కలిపి కొట్టడం వల్ల ఖర్చు, ఒంటికి చేటు తప్ప ఒరిగేదేం లేదు. నీలి రంగు జిగురు అట్టలు, వేపనూనెతో ముందు నుంచీ కాచుకోవాలి.

రాళ్ళ వాన సంగతి చూడు. బంగాళాఖాతం నుంచి తేమ గాలి రావడం, ఇక్కడ పగటి ఎండ ముదరడం ఒకేసారి జరిగితే ఈ కాలం చివర్లో వడగళ్ళు పడతాయి. 2023 మార్చిలో బోనకల్ వైపు మొక్కజొన్న నేలకు పడుకుంది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ 23వ తేదీన రావినూతల వచ్చి చేలు చూసి ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించారు, కౌలు రైతుకూ అందాలన్నారు. మంచి మాటే. కానీ చెల్లీ, ఆ లెక్క ఎకరాల్లో ఉంది. ఎకరాలు లేని మన సొమ్ము ఏ కాలమ్‌లో రాస్తారు? గంప కింద చచ్చిన కోళ్ళు, దొడ్లో పోయిన మేకపిల్ల, రాలే వేళకు వానలో తడిసి నల్లబడ్డ ఇప్పపువ్వు, వడగళ్ళకు చిల్లులు పడి బీడీ కట్టకు పనికిరాని తునికాకు ఏ సర్వేలోనూ కనపడవు. పైగా పంటల బీమా పథకమైన ఫసల్ బీమా నుంచి 2020లోనే బయటికొచ్చిన మన రాష్ట్రం ఆ వడగళ్ళ నాటికి అందులో లేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. నష్టం జరిగిందనడానికి మన దగ్గర కాగితం లేదు, కాగితం లేదు కాబట్టి నష్టమే జరగలేదంటారు.

ఇప్పపువ్వు అన్నాను కదా, ఇంకో మాట. పువ్వు ఏరడానికి వీలుగా ఉంటుందని చెట్టు కింద ఆకు తగలబెడతాం. ఈ పొడిగాలికి ఆ నిప్పు ఎక్కడిదాకా పోతుందో మన చేతిలో ఉండదు, వేసవికి మన పశువులు మేయాల్సిన గడ్డే కాలిపోతుంది. ఊడ్చుకుందాం, లేదంటే చీర గుడ్డలో వలో పరుద్దాం. రెండు గంటల పని ఎక్కువే, ఒప్పుకుంటాను.

ఈ నెల సంఘం మీటింగుకు పొదుపు పుస్తకంతోపాటు ఇంకో నోటుబుక్కు పట్టుకెళ్ళండి. ఏ తేదీన ఎన్ని కోళ్ళు పోయాయి, ఎన్ని మేకపిల్లలు పోయాయి, ఎన్ని బస్తాల కాయ తాలు అయింది, ఎన్ని కుంచాల ఇప్పపువ్వు నల్లబడింది, ఇంటింటికీ అడిగి రాయండి. రాయడం రానివాళ్ళకు బడికెళ్ళే పిల్ల చేత రాయించండి. ఆ పుస్తకాన్ని గ్రామసభలో పైకి చదివి, పంచాయతీ కార్యదర్శి చేత అందుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. మీ ఊరి లెక్క నాకూ ఒక ఉత్తరంలో రాయండి, ఈ పేజీలో వేయిస్తాను.