కొరివి దెయ్యానికి స్టాట్ బ్లాక్ రాద్దాం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ కొన్నాళ్లు ఆడేసరికి పుస్తకంలోని మాన్‌స్టర్లన్నీ పాతబడిపోతాయి. ట్రోల్ ఎదురుపడగానే నిప్పో యాసిడో కావాలని టేబుల్ చుట్టూ ఉన్న అందరికీ కంఠతా వచ్చేస్తుంది. అప్పుడు ఆట నడిపే డీఎం తనే సొంతంగా ఒకదాన్ని తయారుచేసుకోవాలి. ఆడేవాళ్ల భాషలో దీని పేరు హోంబ్రూ.

ఈ పని ఆటతోపాటే పుట్టింది. 1974లో డేవ్ ఆర్నెసన్‌తో కలిసి అమెరికాలో ఈ ఆటను తెచ్చిన గ్యారీ గైగాక్స్, చవకరకం ప్లాస్టిక్ బొమ్మల్ని ముందు పెట్టుకుని రస్ట్ మాన్‌స్టర్, ఔల్‌బేర్‌లను కల్పించాడు. వీటిలో రస్ట్ మాన్‌స్టర్‌ని ప్రతి డీఎం జాగ్రత్తగా చదవాలి. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో దానికున్న ప్రాణబలం, అంటే హెచ్‌పీ, 27. ఎంత గట్టి శత్రువో చెప్పే ఛాలెంజ్ రేటింగ్ అర. నాలుగు దెబ్బలకు పడిపోయే ప్రాణి. అయినా అది కనపడగానే ప్లేట్ కవచం తొడుక్కున్న ఫైటర్ వెనకడుగు వేస్తాడు. ఎందుకంటే దాని స్పర్శకు ఇనుము తుప్పు పట్టి రాలిపోతుంది, ఆ కవచం ఖరీదేమో 1500 బంగారు నాణేలు. కత్తి దూయాలా, పారేసి కర్ర పట్టుకోవాలా? ఆటగాడు అలా తటపటాయించిన క్షణమే ఆట. మాన్‌స్టర్ ఆటగాడిని ఇరకాటంలో పెట్టాలి, దాని ప్రతి అంకే ఆ ఇరకాటం కోసమే పనిచేయాలి. ఈ తయారీ అంతా ఆ సూత్రం మీదే నడుస్తుంది.

మన ఊళ్ల కథల్లోని కొరివి దెయ్యాన్ని మూడో లెవెల్‌లో ఉన్న నలుగురు ఆటగాళ్ల కోసం తయారుచేద్దాం. దగ్గర ఉండాల్సినవి: 2014 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్, ఆటగాళ్ల క్యారెక్టర్ షీట్లు, పాచికలు, పెన్సిలు. ఛాలెంజ్ రేటింగ్‌కు ఎంత హెచ్‌పీ, ఎంత దెబ్బ ఉండాలో చెప్పే పట్టిక ఆ పాత గైడ్‌లో ఉంది. 2024లో వచ్చిన కొత్త గైడ్‌లో అది లేదు, కాబట్టి పాతది పారేయకండి.

1. ఒక్క వాక్యంలో ఇరకాటం

ఊరూరికీ కథ మారుతుంది గానీ కొరివి దెయ్యం గురించి పెద్దవాళ్లు చెప్పే మూలం ఒకటే. రాత్రిపూట పొలిమేర అవతల ఒక మంట కదులుతూ కనిపిస్తుంది, దాని వెంట పోయినవాడు దారి తప్పుతాడు. ఇందులో బలమంతా వెలుగుది. చీకట్లో మనిషికి ధైర్యమిచ్చేదే ఇక్కడ ప్రమాదమవుతోంది. అదే మన వాక్యం: దివిటీ వెలిగిస్తే దెయ్యానికి మేత, ఆర్పేస్తే మనకు చీకటి.

ఈ వాక్యాన్ని కాగితం పైభాగాన పెద్దక్షరాలతో రాసుకోండి. ఎగరడం, మాయమవడం, గోడల్లోంచి దూరడం లాంటి శక్తులు బోలెడు తోస్తాయి. ఈ వాక్యానికి ఉపయోగపడని ప్రతిదాన్నీ కొట్టేయండి.

2. ఆటగాళ్ల షీట్లు ముందేసుకోండి

అంకెల జోలికి పోకముందే మూడు విషయాలు చూడాలి.

మొదటిది డార్క్‌విజన్. ఎల్ఫ్‌లు, డ్వార్ఫ్‌లు చీకట్లో కూడా కనీసం 60 అడుగుల దాకా మసకగా చూడగలరు, దాడికి వాళ్లకే ఇబ్బందీ ఉండదు. నలుగురికీ డార్క్‌విజన్ ఉంటే దివిటీ ఆరినా వాళ్లకు పోయేదేమీ లేదు, మన ఇరకాటం అక్కడే వీగిపోతుంది. అలాంటి జట్టయితే చీకటికి బదులు పొగ వాడండి. ఆ పొగలో డార్క్‌విజన్ పనిచేయదు, మంట వెలుగు పడిన మేరకే పొగ విరుగుతుంది అని ఒక నియమం చేర్చండి.

రెండోది లైట్ క్యాంట్రిప్. విజార్డ్, క్లెరిక్‌లు ఖర్చు లేకుండా ఎన్నిసార్లయినా వెలుగు పుట్టించగలరు. దెయ్యం మామూలు మంటల్నే తింటుందని రాస్తే, ఒక్క క్యాంట్రిప్‌తో దాని పని అయిపోతుంది.

మూడోది ఫైర్ బోల్ట్. నిప్పుతో పుట్టినదాన్ని నిప్పు ఏం చేయలేదు. మీ విజార్డ్ చేతిలో ఉన్నది ఫైర్ బోల్ట్ ఒక్కటే అయితే ఆ రాత్రంతా ఊరికే కూర్చోవాల్సి వస్తుంది. అతని దగ్గర ఇంకో ఆయుధం ఉందని రూఢి చేసుకున్నాకే నిప్పు తగలదని రాయండి.

3. అంకెలు కట్టడం

మనకు కావలసింది ఛాలెంజ్ రేటింగ్ 3. ఆ వరుసలో పట్టిక చెప్పేది ఏసీ (దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె) 13, హెచ్‌పీ 101 నుంచి 115, రౌండుకు 21 నుంచి 26 దెబ్బ. అలాగే దించుకోనక్కర్లేదు. రక్షణకు ఒక రేటింగ్, దాడికి ఒక రేటింగ్ విడిగా కట్టి సగటు తీస్తే చాలు.

రక్షణ: మనిషంత ప్రాణి కాబట్టి మీడియం సైజు, హిట్ డైస్ డీ8. కాన్‌స్టిట్యూషన్ 14 అంటే పాచికకు +2. 13డీ8 + 26 సగటు 84. పట్టికలో 71 నుంచి 85 దాకా రేటింగ్ 1. అక్కడ ఉండాల్సిన ఏసీ 13, మన దెయ్యానికి 15. ఏసీ రెండు పెరిగితే రేటింగ్ ఒకటి పెరుగుతుంది. కాబట్టి రక్షణ రేటింగ్ 2.

దాడి: టర్న్‌కు రెండు కొరివి దెబ్బలు, ఒక్కోటి 2డీ6 + 3, అంటే సగటున 10. మింగిన మంట వల్ల మొదటి దెబ్బకు ఇంకో 2డీ6, అంటే 7. మొత్తం 27. పట్టికలో 27 నుంచి 32 దాకా రేటింగ్ 4, అక్కడ ఉండాల్సిన అటాక్ బోనస్ +5. డెక్స్‌టెరిటీ 16 వల్ల +3, ప్రొఫిషియెన్సీ +2, సరిగ్గా +5. దాడి రేటింగ్ 4. రెండూ కలిపి సగం చేస్తే 3.

ఇప్పుడు దివిటీలన్నీ ఆరిపోయాయనుకోండి. దెబ్బ 20కి తగ్గి దాడి రేటింగ్ 2కు పడుతుంది, +5 బోనస్ ఆ వరుసకు రెండు ఎక్కువ కాబట్టి 3 అవుతుంది. రక్షణ 2తో సగటు రెండున్నర. వెలుగులోనూ చీకట్లోనూ ఈ దెయ్యం సుమారు ఒకే బరువుతో నిలుస్తోంది. ఇరకాటానికి ఇది ప్రాణం. రెండు దారుల్లో ఒకటి స్పష్టంగా మేలైతే ఆటగాళ్లు ఇక ఆలోచించరు.

దెబ్బను ఇంతకు మించి పెంచకండి. మూడో లెవెల్ విజార్డ్‌కు మామూలుగా ఉండేది 20 హెచ్‌పీ చుట్టుపక్కలే. 27 అంటేనే ఒక్క టర్న్‌లో నేలకూలతాడు.

4. శక్తుల్ని వాక్యాలుగా రాయడం

హోంబ్రూలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. “దగ్గర్లోని మంటల్ని తింటుంది” అని రాసి వదిలేస్తే ఆట మధ్యలో ప్రశ్నల వాన కురుస్తుంది. ఎంత దగ్గర? ఎన్ని మంటలు? మాయ వెలుగు సంగతేమిటి? తిన్నాక ఏమవుతుంది? ఎప్పుడు, ఎంత దూరంలో, దేన్ని, ఎన్నిసార్లు, ఎంతసేపు అనే ఐదింటికీ వాక్యంలోనే జవాబు ఉండాలి.

“మంట దొంగతనం: తన టర్న్‌లో ఒకసారి, 30 అడుగుల లోపల వెలుగుతున్న ఒక మంటను గానీ, క్యాంట్రిప్‌తో పుట్టిన వెలుగును గానీ దెయ్యం ఆర్పేయగలదు. ఆర్పితే, ఆ టర్న్‌లో తగిలిన మొదటి కొరివి దెబ్బకు 2డీ6 నిప్పు దెబ్బ అదనం.”

30 అడుగులు ఊరికే పెట్టలేదు. దివిటీ 20 అడుగుల దాకా బాగా, ఆపైన ఇంకో 20 అడుగులు మసకగా వెలుగిస్తుంది. మంట లాక్కునేలోపే దెయ్యం ఆ మసక వెలుగులో ఆటగాళ్ల కళ్లబడుతుంది. కనపడని దూరం నుంచి దోచుకుంటే అది అన్యాయం.

“కొరివి దాచడం: తన టర్న్ ముగిసేటప్పుడు దెయ్యం తన మంటను దాచుకోగలదు. మళ్లీ తన టర్న్ మొదలయ్యేదాకా దాని ఒంటి నుంచి వెలుగు రాదు.”

చీకటికి ధర కట్టేది ఈ వాక్యమే. +5 ఉన్న ఫైటర్ ఏసీ 15ను కొట్టడానికి డీ20 మీద 10 పడాలి, అంటే 55 శాతం అవకాశం. దెయ్యం కనపడకపోతే డిసడ్వాంటేజ్‌తో, అంటే రెండు పాచికల్లో తక్కువది తీసుకుంటూ వేయాలి, అవకాశం 30 శాతానికి పడిపోతుంది. ఒకరు తన యాక్షన్ వదులుకుని దివిటీ ముట్టిస్తే మిగతా ముగ్గురికీ మళ్లీ 55 వస్తుంది, దెయ్యానికి మేతా దొరుకుతుంది. వెలిగించాలా వద్దా అనేది ప్రతి రౌండులోనూ తేల్చుకోవాల్సిన లెక్క.

“దారి తప్పించే వెలుగు: రెండు దెబ్బలకు బదులుగా, 60 అడుగుల లోపల తన మంటను చూడగల ఒకరిని దెయ్యం ఎంచుకుంటుంది. వాళ్లు డీసీ 13 విజ్‌డమ్ సేవ్ వేయాలి. తప్పితే, తమ తర్వాతి టర్న్‌లో ముందుగా ఆ మంట వైపే నడవాలి. కంటికి కనిపించే ప్రమాదంలోకి మాత్రం అడుగు పెట్టరు.”

డీసీ లెక్క 8 + ప్రొఫిషియెన్సీ 2 + కరిజ్మా 3. ఈ శక్తి నడకను మాత్రమే లాక్కుంటుంది, యాక్షన్ ఆటగాడి దగ్గరే ఉంటుంది. పావుగంట ఎదురుచూసి తన వంతు వచ్చినవాడికి ఏమీ చేయడానికి లేకుండా చేసే శక్తిని ఎన్నడూ రాయకండి.

5. తాళానికి తాళంచెవి

కొత్తగా కనిపెట్టేముందు పుస్తకంలో వెతకడం మంచిది. ఫైర్ ఎలిమెంటల్‌కు నీళ్లంటే పడదు, ఒంటి మీద పడ్డ ప్రతి గ్యాలనుకూ దెబ్బ తింటుంది. ఆ ఊహను తీసుకుని మనకు తగ్గట్టు మార్చుకుందాం: 5 అడుగుల లోపల నుంచి ఒక తోలుసంచి నీళ్లు కుమ్మరిస్తే, దెయ్యం తన తర్వాతి టర్న్‌లో మంట దొంగిలించలేదు.

ఆనవాళ్లు ముందే చల్లాలి. పొలం గట్టున సగమే కాలి ఆరిపోయిన దివిటీలు వరసగా కనపడతాయి. కావలివాడు చలికి వణుకుతున్నా గుడిసె ముందు నెగడు వేసుకోడు, పక్కన మాత్రం కుండ నిండా నీళ్లు పెట్టుకుంటాడు. ఎవరూ ఏమీ విడమరచి చెప్పనక్కర్లేదు.

టేబుల్ కోసం ఒక చిన్న నియమం కూడా ప్రకటించండి: దివిటీ ఆర్పడానికి యాక్షన్ అక్కర్లేదు, వెలిగించడానికి కావాలి. ఆట మొదలవకముందే చెప్పాలి. పోరు మధ్యలో పుట్టే నియమం న్యాయమైనదే అయినా తొండిలాగే కనిపిస్తుంది.

6. స్టాట్ బ్లాక్

కొరివి దెయ్యం: మీడియం అన్‌డెడ్
ఏసీ 15, హెచ్‌పీ 84 (13డీ8 + 26), వేగం 30 అడుగులు, నేలకు ఆనకుండా తేలుతుంది
స్ట్రెంగ్త్ 10, డెక్స్‌టెరిటీ 16, కాన్‌స్టిట్యూషన్ 14, ఇంటెలిజెన్స్ 8, విజ్‌డమ్ 12, కరిజ్మా 16
నిప్పు, విషం తగలవు. డార్క్‌విజన్ 60 అడుగులు
కొరివి దెబ్బ (టర్న్‌కు రెండు): +5, దూరం 5 అడుగులు, 2డీ6 + 3 నిప్పు దెబ్బ
ఛాలెంజ్ రేటింగ్ 3 (700 ఎక్స్‌పీ)

దీని కింద పైన రాసిన మూడు శక్తులూ, నీళ్ల నియమమూ చేర్చండి. మొత్తం ఒక పేజీ దాటకూడదు.

7. ఒంటరిగా ఆడి చూడటం

ఆటగాళ్లు రాకముందు మీరే రెండు పక్షాలూ ఆడండి. ఒకసారి ప్రతి రౌండూ దివిటీ వెలిగించే జట్టుగా, ఒకసారి చీకట్లోనే పోరాడే జట్టుగా. పోరు ఆరు రౌండ్లు దాటుతుంటే హెచ్‌పీ తగ్గించండి. 11డీ8 + 22 అంటే 71. అదీ పట్టికలో అదే వరుస కాబట్టి రేటింగ్ మారదు.

తోడుగా చిన్న దెయ్యాల్ని దించాలనిపిస్తే లెక్క చూసుకోండి. 2014 పద్ధతిలో మూడో లెవెల్ నలుగురికి 600 ఎక్స్‌పీ మీడియం, 900 హార్డ్, 1600 డెడ్లీ. మన దెయ్యం ఒక్కటే అయితే 700. తలా 50 ఎక్స్‌పీ ఉన్న రెండింటిని కలిపితే మొత్తం 800, శత్రువులు ముగ్గురైనందుకు రెట్టింపు చేయాలి. అంటే 1600. రెండు పిల్ల దెయ్యాలతో పోరు నేరుగా డెడ్లీ గీత మీదికి వెళ్లిపోయింది.

8. గెలిచినవాళ్లకు ఏమివ్వాలి

దెయ్యం వదిలిపోయిన బొగ్గుకట్టె బహుమతి. పేరు ఆరని కొరివి, అన్‌కామన్ వస్తువు, అట్యూన్‌మెంట్ కావాలి. పట్టుకున్నవాళ్లు రోజుకు మూడుసార్లు 30 అడుగుల లోపలి మామూలు మంటను ఆర్పవచ్చు. అలా ఆర్పిన టర్న్‌లో తమ మొదటి దెబ్బకు 1డీ6 నిప్పు అదనం. ఓడించినదాని శక్తే చిన్న మోతాదులో చేతికి వస్తే ఆ గెలుపు ఆటగాళ్లతోనే ఉంటుంది. +1 కత్తి ఇవ్వడం తేలికే గానీ, ప్రతి దాడికీ 5 శాతం అవకాశమూ, తగిలితే ఒక పాయింటు దెబ్బా కలిపి ఊరుకుంటుంది. ఒక క్యారెక్టర్ ఒకేసారి మూడు వస్తువులతోనే అట్యూన్ కాగలదు కాబట్టి దీన్ని ఉంచుకోవడమూ ఒక నిర్ణయమే.

నలుగురితో పంచుకోవాలనుకుంటే దారి తెరిచే ఉంది. ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం ఎస్ఆర్‌డీ 5.1ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలం పేరు చెప్పి, ఆ నియమాల మీద కట్టిన మాన్‌స్టర్‌ని అచ్చువేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కొరివి దెయ్యం మీద ఎవరికీ హక్కుల్లేవు. మన కథల్లో ఇలా స్టాట్ బ్లాక్ కోసం ఎదురుచూస్తున్నవి ఇంకా ఎన్నో ఉన్నాయి.

ఆట ముగిశాక మీ పనిని ఒక్క కొలతతో కొలవండి. దివిటీ గురించి ఆటగాళ్లు తమలో తాము వాదించుకున్నారా? ఒకరు ఆర్పమని, ఇంకొకరు వద్దని, మూడోవారు నీళ్లెక్కడని అడిగి ఉంటే అంకెల్లో చిన్నాపెద్దా తేడాలున్నా మాన్‌స్టర్ నిలబడినట్టే. అందరూ వంతు రాగానే పాచిక వేసి హెచ్‌పీ తగ్గించుకుంటూ పోయి ఉంటే, హెచ్‌పీని సవరించి లాభం లేదు. మొదటి మెట్టుకు వెళ్లి ఆ ఒక్క వాక్యాన్ని తిరిగి రాయండి.