ఎలక్ట్రానిక్ కాటా: సున్న చూపినంత మాత్రమున చాలదు

ఆరుగాలము శ్రమించి పండించిన ధాన్యమునకు తుది పరీక్ష కాటామీద జరుగును. 40 కిలోల బస్తాకు అరకిలో తక్కువ చూపినచో, నూరు బస్తాలకు 50 కిలోలు పోవును. 2025-26 సంవత్సరమునకు సాధారణ రకపు ధాన్యము మద్దతు ధర క్వింటాలుకు 2369 రూపాయలు. ఆ లెక్కన నష్టము 1184 రూపాయల 50 పైసలు. కావున కాటా లోపములను గుర్తించు విధము ప్రతి సభ్యుడును నేర్వవలెను.

పనిచేయు విధము: పళ్లెము క్రింద లోడ్ సెల్ అను లోహపు దిమ్మ యుండును. బరువు పడగా నది కంటికి కనబడనంతగా వంగును. దానికి అంటించిన సన్నని తీగల విద్యున్నిరోధము అందువలన మారును. ఆ మార్పునే యంత్రము అంకెలుగా చూపును. బరువంతయు దిమ్మమీదనే పడవలెను. కొంత మఱియొకచోట ఆనినచో తూకము తగ్గును.

మా యనుభవము: ఒక కోతకాలమున, ఇంటివద్ద 40 కిలోల 600 గ్రాములు తూగిన బస్తా మా కాటామీద 40 కిలోలే తూగినదని యొక సభ్యుడు చెప్పెను. మేము చూడగా సున్న సరిగానే యున్నది. లోపలి యంత్రము చెడినదని తలచి విజయవాడ ఆటోనగర్‌కు కొనిపోయితిమి. అచటి మిస్త్రీ ముద్రవేసిన 20 కిలోల రాతిని నడుమను, నాలుగు మూలలను ఉంచి చూచెను. ఒక మూలను తూకము తగ్గెను. పళ్లెము నెత్తగా, దానికిని చట్రమునకును నడుమ వడ్లగింజలు మట్టితో గట్టిపడి యుండెను. ఖాళీ పళ్లెము వానిని తాకదు గనుక సున్న సరిగా కనబడినది. బస్తా పడగానే పళ్లెము వానిపై ఆనినది. శుభ్రపఱచుటతో తూకము సరిపడెను. గోదాములో మిగిలిన బస్తాలను తిరిగి తూచి, తేడా సొమ్మును సభ్యులకు చెల్లించితిమి. అంతకుముందు వెడలిపోయిన బస్తాలకు మాత్రము చేయగలిగినది లేకపోయెను.

సామాన్య లోపములు:

1. అంకెలు నిలువకుండుట: గాలి, పంకా, దాపున పోవు లారీల అదురు, బ్యాటరీ బలహీనత ఇందుకు కారణములు. కాటాను గట్టినేలకు మార్చి, బ్యాటరీని నింపవలెను.

2. తూకము తీసిన పిదప సున్నకు రాకుండుట: చెమ్మ తగులుటవలనను, బస్తాలను ఎత్తివేయుటచే దిమ్మ శాశ్వతముగా వంగుటవలనను కలుగును. బస్తాను మెల్లగా దింపవలెను.

3. అంకెలే రాకుండుట: ఎలుకలు తీగను కొఱికినవేమో చూడవలెను.

4. ఖాళీ పళ్లెమున ఋణసంఖ్య: గోనె బరువును తీసివేయుటకు టేర్ మీట నొక్కియున్నచో అట్లు కనబడును. ఇది లోపము గాదు.

సీలును మాత్రము ఎవరును విప్పరాదు. 2009 సంవత్సరపు చట్టము ననుసరించి లైసెన్సు గలవారే మరమ్మతు చేయవలెను. పిదప తూనికలు, కొలతల శాఖవారిచే తిరిగి ముద్ర వేయింపవలెను. మరమ్మతు లేకున్నను ఏటేటా పరీక్ష తప్పదు.

ప్రతి ఉదయము పని మొదలిడుటకు ముందు పళ్లెము క్రింద ఊడ్చి, రసమట్టపు బుడగ నడుమ నిలుచునట్లు కాళ్లు సవరించి, ముద్రరాతిని నడుమను మూలలను తూచి చూడుడు. ఇందుకు పది నిమిషములైనను పట్టదు. ఆ పరీక్ష సభ్యుల కన్నుల యెదుటనే జరుగవలెను.