గుండెకు తెల్లమద్ది పాలు

వరంగల్లు నుండి ములుగు, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం అడవులకు పోవువారికి వాగుల ఒడ్డున తెల్లని, నునుపైన మానుతో ఎత్తుగా పెరిగిన వృక్షములు కనబడును. ఇదియే తెల్లమద్ది. ఏటి ఒడ్డున పెరుగుటచే ఏరుమద్ది యనియు, సంస్కృతమున అర్జునమనియు దీనికి పేర్లు. మహాదేవపూర్ ప్రాంతమున దసలి పట్టుపురుగులను పెంచునది మద్ది ఆకులమీదనే.

దీని బెరడును పాలలో కాచి హృద్రోగులకు ఇమ్మని పదకొండవ శతాబ్దమునాటి చక్రపాణిదత్తుడు చెప్పియున్నాడు. నేటి ప్రయోగశాలలు దీనిపై దృష్టి నిలుపుటకు కారణమున్నది. గుండె క్షణమైనను ఆగదు గనుక దాని కణములకు ప్రాణవాయువు ఖర్చు ఎక్కువ. ఆ వినియోగములో ఫ్రీ రాడికల్స్ అను చంచలమైన అణువులు పుట్టి, తుప్పు ఇనుమును తినునట్లు కణపు పొరలోని కొవ్వును చెరచును. మూసుకొన్న రక్తనాళము మరల తెరచుకొన్నప్పుడు ఇవి ఒక్కసారిగా విజృంభించును. చర్మకణముల వలె గుండె కణములు వెంటవెంటనే పుట్టవు. ఏడాదికి నూటికి ఒకటి పుట్టుటయు కష్టమే. మద్ది బెరడులోని టానిన్లు, ఫ్లేవనాయిడ్లు, అర్జునోలిక్ ఆమ్లము ఈ నష్టమును తగ్గించినట్లు ఎలుకలపై పరీక్షలలో తేలినది. చైనీయులు గుండెకు వాడు డాన్షెన్ వేరుపైనను ఇట్టి పరిశోధనలే జరిగినవి.

అయితే ఎలుక వేరు, మనిషి వేరు. దిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు గుండె బలహీనపడిన 100 మందిపై పరిశీలన జరిపి, 2016లో ఫలితములు ప్రకటించిరి. 12 వారములు బెరడు సారమిచ్చినను గుండె రక్తమును నెట్టు శక్తి పెరగలేదు. రోగుల నడకశక్తి మాత్రము కొంత మెరుగైనది. ఈ సారమును అప్పటికే వాడుచున్న మాత్రలతో పాటు ఇచ్చిరేగాని మాత్రలు మాన్పించి కాదు. ఇండ్లలో దీనికి విరుద్ధముగా జరుగుటయే ప్రమాదము. ఛాతీనొప్పి చేతికి, దవడకు పాకి చెమటలు పట్టినప్పుడు పాలు కాచుచు కూర్చొనరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను.

చేయు విధము: బెరడు చూర్ణము 5 గ్రాములు, పాలు 40 మిల్లీలీటర్లు, నీరు 160 మిల్లీలీటర్లు కలిపి సన్నని సెగపై నీరు ఇగిరి పాలు మాత్రము మిగులువరకు కాచి వడగట్టవలెను. రక్తమును పలుచన చేయు మందులు వాడువారు, గర్భిణులు వైద్యుని అడుగనిదే త్రాగరాదు.

కొనునప్పుడు చూర్ణము కంటె చెక్కయే మేలు, పోల్చుకొనవచ్చును. నల్లమద్ది బెరడు మొసలి వీపువలె పగుళ్లతో ముదురు రంగున ఉండును. తెల్లమద్ది పైపొర బూడిదవన్నెతో నునుపుగా ఉండి పెచ్చులుగా ఊడును.